ముఖానికి ఏ మెషిన్ కొనాలి అనుకునే ముందు మన చర్మం సంగతి చూద్దాం

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం, జవాబు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి. వయసు 33, చామనఛాయ. రెండు చెంపల మీదా మంగు. గడ్డం దగ్గర మొటిమలు తగ్గాక మిగిలిపోయిన నల్ల మచ్చలు, అదే గడ్డం కింద కొన్నేళ్లుగా పెరుగుతున్న గట్టి వెంట్రుకలు. స్టీమర్ ఇప్పటికే ఒకటి కొన్నారు. ఇంకో పదిహేను వేలు పక్కన పెట్టుకున్నారు. న్యూజెర్సీ నుంచి ఆడపడుచు దసరాకి వస్తోంది కాబట్టి రంగు కాంతి పడే ఎల్ఈడీ మాస్కో, వెంట్రుకలు తగ్గించే ఐపీఎల్ మెషినో తెమ్మని చెప్పాలా, లేకపోతే ఇక్కడే డెర్మా రోలర్ (సూదుల రోలర్), గువాషా (ముఖం నిమిరే రాయి) లాంటివి కొనుక్కుంటే సరిపోతుందా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో ఒక స్కిన్ క్లినిక్‌లో చాలా ఏళ్లుగా మెషిన్ల మీద పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాను, డాక్టర్ గారు చెప్పిన సెట్టింగ్ పెట్టి లేజర్లు, పీల్స్ (మందు రాసి చర్మం పై పొర ఊడేలా చేయడం) చేయడం నా పని. ఇంట్లో ఏదో మెషిన్ వాడి ముఖం కమిలిపోయి వచ్చేవాళ్లు కూడా ముందు మా గదికే వస్తారు, వాళ్లలో ఎక్కువమంది సరిగ్గా మీలాంటి చర్మం ఉన్నవాళ్లే, కొన్నవి కూడా దాదాపు మీ లిస్టులో ఉన్నవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. మీ ముఖానికి ఐపీఎల్ వద్దే వద్దు, డెర్మా రోలర్ వద్దు, ఎల్ఈడీ మాస్క్ ఇప్పట్లో వద్దు. గువాషా ఉంటే ఉండనివ్వండి, నష్టం లేదు, అది మంగుని మాత్రం తగ్గించదు. కొనాల్సింది ఒక చిన్న ఫేస్ ట్రిమ్మర్. మిగతా డబ్బుతో ఏం చేయాలో కింద చెప్తాను.

ఇప్పుడు ఎందుకో చూద్దాం. మన చర్మానికి ఒక గుణం ఉంది, ఎక్కడ కాలినా, గీరుకున్నా, ఆఖరికి దోమ కుట్టి గోకినా సరే అక్కడ నల్ల మచ్చ పెట్టి నెలల తరబడి వదలదు. అదే దెబ్బ తెల్లవాళ్లకి తగిలితే కొన్నాళ్లు ఎర్రగా ఉండి పోతుంది. స్కిన్ డాక్టర్లు దీనికి ఫిట్జ్‌పాట్రిక్ స్కేల్ అని ఒక లెక్క వాడతారు, 1975లో హార్వర్డ్ డాక్టర్ థామస్ ఫిట్జ్‌పాట్రిక్ పెట్టింది, ఎండలో నిలబడితే చర్మం కందిపోతుందా నల్లబడుతుందా అన్నదాన్ని బట్టి అంకె ఇస్తారు. తమాషా ఏంటంటే మొదట్లో అందులో ఉన్నవి తెల్ల చర్మానికి సంబంధించిన నాలుగు రకాలే, గోధుమ రంగువాళ్లకి 5, నల్లవాళ్లకి 6 తర్వాత చేర్చారు. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది 4, 5 దగ్గర ఉంటారు. మీరు రాసినదాన్ని బట్టి మీరూ అక్కడే. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కాంతితో పనిచేసే చాలా మెషిన్ల డబ్బా మీదో, మాన్యువల్లోనో చిన్న అక్షరాల్లో ఇది కనిపిస్తుంది, యాడ్‌లో మాత్రం కనిపించదు.

అందుకని ఇంటి పరికరం ఏది చూపించినా నేను ముందు చూసేది, అది చర్మాన్ని వేడెక్కిస్తుందా, గుచ్చుతుందా, రుద్దుతుందా అని. మేలు సంగతి ఆ తర్వాత. యూట్యూబ్‌లో కొరియా అమ్మాయో, అమెరికా అమ్మాయో వాడి చూపించినప్పుడు ఆ మేలు నిజమే కావచ్చు, కానీ ఆ అమ్మాయికి లేని రిస్క్ మీకు ఉంది. పైగా మీకు మంగు ఉంది. మంగు మామూలు మచ్చ కాదండి. హార్మోన్లు, ఎండ, వేడి, కంటికి కనిపించే వెలుగు, ఇవన్నీ కలిసి దాన్ని రెచ్చగొడతాయి. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడినప్పుడు ఎక్కువ అవుతుంది. రోజూ పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడేవాళ్లకి కూడా త్వరగా తగ్గదు. అలాంటి చర్మానికి ఇంకో వేడి పరికరం తెచ్చి పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఐపీఎల్ నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే గడ్డం వెంట్రుకలకి అందరూ మొదట దాని వైపే చూస్తారు. అది లేజర్ కాదు, కెమెరా ఫ్లాష్ లాంటి కాంతిని రకరకాల తరంగదైర్ఘ్యాలు కలిపి ఒక్కసారిగా వదిలే మెషిన్. వెంట్రుకలో ఉన్న నల్ల రంగు, అంటే మెలనిన్, ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కి కుదురు దెబ్బతింటుంది. వినడానికి బాగుంది. కానీ చర్మంలో ఉన్నది కూడా అదే మెలనిన్, ఏది వెంట్రుకో ఏది చర్మమో ఆ కాంతికి తెలియదు. తెల్ల చర్మం, నల్ల వెంట్రుక ఉన్నవాళ్లకి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మన దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా తగ్గిపోతుంది. మంచి కంపెనీ మెషిన్లలో రంగు కొలిచే సెన్సర్ ఉంటుంది, చర్మం మరీ ముదురుగా ఉంటే ఫ్లాష్ కొట్టదు. కొందరు అది పనిచేయట్లేదని ముఖానికి పౌడర్ రాసి సెన్సర్‌ని మోసం చేయబోతారు, దయచేసి ఆ పని చేయకండి, ఆ లాక్ పెట్టింది మన ముఖం కాలకుండానే. మాన్యువల్ తీసి చదివితే ముదురు మచ్చలు, పుట్టుమచ్చలు, మంగు ఉన్న చోట వాడొద్దని రాసి ఉంటుంది. మీ చెంపలు ఎలాగూ ఔట్.

మరి గడ్డం? అక్కడ ఇంకో చిక్కు ఉంది. ముఖం, మెడ మీద వెంట్రుకలకి ఐపీఎల్ గానీ లేజర్ గానీ తక్కువ పవర్‌తో కొట్టినప్పుడు కొందరికి తగ్గడం మానేసి ఎక్కువవుతాయి, నూగుగా ఉన్నవి కూడా గట్టిపడతాయి. ఇది పుకారు కాదు, స్కిన్ డాక్టర్లకి బాగా తెలిసిన విషయం, పారడాక్సికల్ హైపర్‌ట్రైకోసిస్ అంటారు. ముదురు రంగు చర్మం, హార్మోన్ సమస్య ఉన్న ఆడవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. ఇంటి మెషిన్లన్నీ తక్కువ పవర్‌వే, అది వాటి సేఫ్టీ కోసమే, ఇక్కడ మాత్రం అదే ఇబ్బంది. క్లినిక్‌లో మన రంగుకి వాడేది 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్, పైన ఉన్న మెలనిన్‌ని చాలావరకు వదిలేసి లోపలికి దిగుతుంది కాబట్టి. దానితో పాటు చర్మాన్ని చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో ఐపీఎల్‌లో ఆ లేజర్ ఉండదు, చల్లబరిచే ఏర్పాటు కూడా కొన్నిట్లోనే ఉంటుంది.

అసలు విషయం ఇంకొకటి. ముప్పై దాటాక గడ్డం కింద గట్టి వెంట్రుకలు కొత్తగా పెరుగుతున్నాయంటే, దానితో పాటు అదే చోట మొటిమలు వస్తున్నాయంటే, నెలసరి కూడా లేటవుతుంటే, అది పీసీఓఎస్ (ఆడవాళ్లలో వచ్చే ఒక హార్మోన్ సమస్య) అయ్యే అవకాశం చాలా ఉంది. నెలసరి గురించి మీరేమీ రాయలేదు. లోపల హార్మోన్ అలాగే ఉంటే ఎంత ఖరీదైన మెషిన్ తెచ్చినా కొత్త కుదుళ్లు లేస్తూనే ఉంటాయి, క్లినిక్‌లో లేజర్ చేసినా మళ్లీ మళ్లీ రావాల్సిందే. అందుకే మీ పదిహేను వేలలో మొదటి ఖర్చు గైనకాలజిస్ట్‌కో, హార్మోన్ల డాక్టర్ అయిన ఎండోక్రైనాలజిస్ట్‌కో, వాళ్లు రాసిచ్చే రక్త పరీక్షలకో పెట్టండి, థైరాయిడ్ కూడా చూస్తారు. ఇది చెప్తే చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు, మెషిన్ అడిగితే టెస్టులు చెప్తోందేంటి అని.

అప్పటిదాకా వెంట్రుకలకి ఏం చేయాలి? ట్రిమ్మర్. ఆడవాళ్ల ముఖానికని లిప్‌స్టిక్ సైజులోనో పెన్ను సైజులోనో బ్యాటరీవి వస్తాయి, వెయ్యి రూపాయల చుట్టుపక్కల మంచివే దొరుకుతాయి. చర్మాన్ని తాకకుండా వెంట్రుకని మాత్రమే కత్తిరిస్తుంది, గుచ్చదు, లాగదు, కాల్చదు. రెండు మూడు రోజులకోసారి చేసుకోవాలి, అదొక్కటే బద్ధకం. గీస్తే గడ్డం మగాళ్లలా దట్టంగా వస్తుందని మీ అత్తగారో అమ్మగారో అంటారు, నమ్మకండి, కత్తిరించిన చివర మొద్దుగా ఉండటం వల్ల గరుకుగా తగులుతుంది, అంతే, కుదురుకి పైన ఏం జరిగిందో తెలియనే తెలియదు. ఫేస్ రేజర్ కూడా వాడొచ్చు గానీ మొటిమలు ఉన్న రోజుల్లో వద్దు, బ్లేడు తెగితే మచ్చ. పులిపిర్లు ఉన్నవాళ్లు ముఖం మీద బ్లేడు అస్సలు తిప్పకూడదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి అంటుకుంటాయి. త్రెడింగ్, వ్యాక్స్, ఎపిలేటర్ మీ గడ్డానికి మంచివి కావు. వెంట్రుకని లాగితే తిరిగి వచ్చేటప్పుడు చర్మం లోపలే వంకర తిరిగి కురుపులా లేస్తుంది, దాన్ని గోటితో గిల్లుతారు, ఇంకో నల్ల మచ్చ. మీకు మిగిలిపోయిన మచ్చల్లో కొన్ని అసలు మొటిమలవి కాకుండా ఇలా వచ్చినవి అయి ఉండొచ్చు.

ఇక ఎల్ఈడీ మాస్క్. లిస్టులో ఉన్నవాటన్నిటిలో దీనికే కాస్త సైన్స్ బలం ఉంది, అది ఒప్పుకోవాలి. ఎర్ర కాంతి 630 నుంచి 660 నానోమీటర్లు, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ 830 దగ్గర, ఈ రెండూ సన్న గీతలు, చర్మం ఎరుపు తగ్గడానికి కొంత పనిచేస్తాయని అధ్యయనాలు ఉన్నాయి. నీలి కాంతి 415 దగ్గర, మొటిమల బ్యాక్టీరియా తయారుచేసే పార్ఫిరిన్లు అనే పదార్థాల మీద పడి ఆ బ్యాక్టీరియాని చంపుతుంది. ఈ కథ మొదలైంది హంగరీలో, 1967లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల మీద లేజర్ పరీక్ష చేస్తుంటే గొరిగిన చోట బొచ్చు తొందరగా పెరగడం గమనించాడు. అంటే తక్కువ మోతాదు కాంతికి శరీరం స్పందిస్తుందన్నది కొత్త మాటేమీ కాదు.

కానీ మోతాదు అన్నాను చూశారా, ఇంటి మాస్కుల్లో దొరకనిది అదే. డబ్బా మీద 150 బల్బులు, 7 రంగులు అని వేస్తారు. పెళ్లింటికి కట్టిన సీరియల్ సెట్టుకి కూడా బోలెడు బల్బులు, బోలెడు రంగులు ఉంటాయి, దాని కింద కూర్చుంటే ముడతలు పోవు కదా. మీరు చూడాల్సింది రెండు అంకెలు. ఒకటి, తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో. రెండు, చర్మం దగ్గర పడే కాంతి తీవ్రత, చదరపు సెంటీమీటర్‌కి ఇన్ని మిల్లీవాట్లు అని. ఆ మిల్లీవాట్లని సెకన్లతో గుణించి వెయ్యితో భాగిస్తే జౌల్స్ వస్తాయి, అదే మోతాదు. ఉదాహరణకి 30 మిల్లీవాట్ల మాస్క్ పది నిమిషాలు పెట్టుకుంటే 600 సెకన్లు, అంటే 18 జౌల్స్. అదే 3 మిల్లీవాట్లదైతే పది నిమిషాలకి 1.8 మాత్రమే. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వేలకి దొరికే ఏడు రంగుల మాస్కుల్లో చాలావాటికి ఈ అంకెలే ఇవ్వరు. అడిగితే సెల్లర్ దగ్గర జవాబు ఉండదు. అంకె ఇవ్వని మాస్క్ ఎంత చవకైనా కొనకండి.

అమెరికాలో పేరున్న మాస్కులు మామూలుగా మూడు నాలుగు వందల డాలర్లు ఉంటాయి, మీ బడ్జెట్‌కి దాదాపు రెట్టింపు అవుతుంది. అయినా సరే తెప్పించుకుంటాను అన్నా మీకు మంగు ఉంది కదా, అక్కడే నాకు ఇబ్బంది. కనిపించే కాంతిలో నీలం, ఊదా వైపు ఉన్నది ముదురు చర్మంలో నలుపు తెప్పిస్తుందని, అది వారాల తరబడి ఉంటుందని పరీక్షించి చూశారు. ఎరుపుకి ఆ గుణం కనిపించలేదు, కానీ మాస్క్ ముఖానికి అతుక్కుని పది నిమిషాలు ఉంటే వచ్చే వెచ్చదనం మంగుకి మంచిది కాదు. ఒక్క ఎర్ర కాంతి మాత్రమే ఉన్న మాస్క్‌తో మంగు ఉన్న కొందరికి ఏమీ కాకపోవచ్చు, కానీ ఆ ప్రయోగం డాక్టర్‌కి చెప్పకుండా మీ చెంపల మీద చేయకండి. మంగు లేకుండా, సన్న గీతలు మొదలైన నలభై దాటినవాళ్లు అడిగితే మాత్రం నా జవాబు వేరేలా ఉంటుంది, అంకెలు సరిగ్గా ఉన్న ఎర్ర, ఇన్‌ఫ్రారెడ్ మాస్క్ కొనుక్కుని వారానికి మూడు నాలుగు సార్లు, కనీసం మూడు నెలలు వదలకుండా వాడితే కొంచెం తేడా కనిపిస్తుందని చెప్తాను. కొంచెం. ముప్పై రోజుల్లో పదేళ్లు తగ్గడం యాడ్‌లలోనే.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. 2019లో న్యూట్రోజీనా తన లైట్ థెరపీ మాస్క్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, కొన్ని రకాల కంటి జబ్బులు ఉన్నవాళ్లకి, కాంతికి కళ్లని సున్నితం చేసే మందులు వాడేవాళ్లకి కంటికి హాని జరిగే అవకాశం ఉందని. కాబట్టి కళ్లకి అడ్డు లేని మాస్క్ వద్దు. మొటిమలకి డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా కాంతి మెషిన్ జోలికి వెళ్లకండి.

డెర్మా రోలర్ గురించి కోపం ఆపుకుని రాస్తాను. నాలుగైదు వందలకి దొరుకుతుంది, 540 సూదులు అని గర్వంగా వేస్తారు, సైజు 0.2 మిల్లీమీటర్ల నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఎవరడిగినా అమ్మేస్తారు. క్లినిక్‌లో మొటిమల గుంటలకి ఒకటిన్నర మిల్లీమీటర్ దాకా దించుతాం, అది నిజమే, కానీ మత్తు క్రీమ్ రాసి, స్టెరైల్ సూది వాడి, ఒక్క మనిషికి ఒక్కసారి వాడి పారేస్తాం. ఇంట్లో వాడమని అమ్మే 0.2, 0.25 సైజు కొత్త కొలాజెన్ (చర్మాన్ని బిగుతుగా ఉంచే ప్రొటీన్) పుట్టేంత లోపలికి చేరదు, సీరం కాస్త ఎక్కువ ఇంకేలా చేస్తుంది, అంతే. ఆ సీరం ఇంకడంలోనే ప్రమాదం కూడా ఉంది. సూదులు దించిన ముఖం మీద విటమిన్ సి లాంటివి రాసి లోపల గడ్డలు కట్టిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి, పైపూతకి తయారుచేసిన సీరం చర్మం లోపలికి వెళ్లడానికి తయారుచేసింది కాదు. ఇంకా పెద్ద సైజు ఇంట్లో వాడితే రక్తం, ఇన్ఫెక్షన్, ఆ తర్వాత గీతలు గీతలుగా నల్ల మచ్చలు. రోలర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి సూది ఏటవాలుగా దిగి ఏటవాలుగానే బయటికి వస్తుంది, చర్మం చీరుకుంటుంది. సూది మొన వంగినా మన కంటికి కనపడదు. మొటిమ ఉన్న చోట తిప్పితే చీము ముఖమంతా పంచినట్టే. అక్కాచెల్లెళ్లు ఒకే రోలర్ వాడుకున్నామని చెప్పేవాళ్లు కూడా వస్తారు, హెపటైటిస్ బి, సి లాంటివి రక్తం ద్వారా పాకుతాయని గుర్తుచేయాల్సి వస్తుంది. మీకు ఉన్నవి నల్ల మచ్చలే, గుంటలు కావు. నల్ల మచ్చకి సూదితో పనిలేదు, అజెలాయిక్ యాసిడ్ లాంటి క్రీములు, సన్‌స్క్రీన్, కొన్ని నెలల ఓపిక ఉంటే చాలావరకు పోతాయి.

ఇదే వరసలో ఆన్‌లైన్‌లో పుట్టుమచ్చలు తీసే పెన్ను అని ఒకటి అమ్ముతున్నారు, ప్లాస్మా పెన్ అని కూడా అంటారు. మీ ప్రశ్నలో లేదు గానీ మంగు ఉన్నవాళ్లలో చాలామందికి కళ్ల కింద, చెంపల మీద చిన్న చిన్న నల్ల పొక్కులు కూడా ఉంటాయి, వాటిని దీనితో కాల్చుకుంటారు. పొక్కు పోయి అంతకన్నా పెద్ద మచ్చ మిగులుతుంది. పైగా అది ఏ పుట్టుమచ్చో చూడకుండా కాల్చేస్తే, అందులో ఏదైనా తేడా ఉంటే పరీక్షకి పంపడానికి కూడా ఏమీ మిగలదు.

బ్లాక్‌హెడ్స్ లాగే వాక్యూమ్ కూడా వద్దు. ముక్కు మీద కనిపించే బూడిద రంగు చుక్కల్లో చాలావరకు బ్లాక్‌హెడ్స్ కావు, నూనె గ్రంథుల్లో మామూలుగా ఉండేవే, లాగినా కొన్ని వారాల్లో మళ్లీ నిండుతాయి. ఎక్కువ పీల్చనిస్తే గుండ్రటి కమిలిన మచ్చ పడుతుంది, సన్న రక్తనాళాలు చిట్లుతాయి. దాని బదులు 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ వాడుకోండి.

గువాషా రాయి, జేడ్ రోలర్ విషయంలో నాకు ఏ గొడవా లేదు. చైనాలో గువాషా అంటే ఒంటికి నూనె రాసి ఎర్రగా కమిలేదాకా గీసే వైద్యం, ముఖానికి మాత్రం అలా చేయరు, మెత్తగా నిమురుతారు. పొద్దున్నే ముఖం ఉబ్బినట్టు ఉంటే చల్లటి రాయితో మధ్య నుంచి చెవుల వైపు, అక్కడి నుంచి మెడ కిందికి ఐదు నిమిషాలు నిమిరితే వాపు దిగుతుంది, దవడల బిగువు కూడా తగ్గి హాయిగా ఉంటుంది. మధ్యాహ్నానికి మామూలే. ముఖం సన్నబడటం, దవడ చెక్కినట్టు అవడం ఉండదు. అసలు జేడా, రంగు వేసిన రాయా అని కూడా టెన్షన్ పడకండి, పని చేసేది చల్లదనం, చేతి ఒత్తిడి. ఫ్రిజ్‌లో పెట్టిన రెండు స్టీల్ స్పూన్లు ఇదే పని చేస్తాయి, కడగడం కూడా తేలిక. మంగు ఉన్న చెంపల మీద మాత్రం గట్టిగా రుద్దకండి, కొబ్బరి నూనె రాసి చేయకండి, మొటిమల చర్మానికి అది రంధ్రాలు మూస్తుంది, మీరు వాడే మాయిశ్చరైజరే కాస్త ఎక్కువ రాసుకుంటే జారుతుంది.

మైక్రోకరెంట్ మెషిన్లు అని ఆడపడుచు చెప్పే అవకాశం ఉంది, అమెరికాలో వాటికి బాగా పేరుంది. చిన్న కరెంట్ కండరాలకి పంపి ముఖం కాస్త బిగుతుగా కనిపించేలా చేస్తాయి, మానేస్తే పోతుంది, రోజూ జెల్ రాసుకుని చేసుకోవాలి, ఆ జెల్ ఖర్చు వేరే. నల్ల మచ్చకీ మంగుకీ దీనితో సంబంధమే లేదు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు దీన్ని ముట్టుకోకూడదు.

ముఖం కడిగే సోనిక్ బ్రష్‌లు మీరు అడగలేదు, ఒక్క ముక్క చెప్తాను. వీటికి ఊపు తెచ్చిన క్లారిసోనిక్ కంపెనీనే 2020లో మూసేశారు. బ్రష్ లేకపోతే ముఖం శుభ్రపడదన్నది ఏమీ లేదు. మేకప్ ఎక్కువ వేసుకునేవాళ్లు కావాలంటే సిలికాన్‌ది తీసుకోవచ్చు, కుచ్చు బ్రష్ వద్దు, మన బాత్‌రూముల తేమకి అందులో బూజు పడుతుంది. మంగు ఉన్నవాళ్లకి చేతి వేళ్లే మంచివి. సున్నిపిండి గరగరా రుద్దడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, పండగ రోజు నలుగు ఒంటికి పెట్టుకోండి, చెంపలు వదిలేయండి.

ఒక ముఖ్యమైన విషయం అడగాలి, ఇది చదివే మిగతావాళ్లకి కూడా. మంగు కోసం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్ ఏదైనా వాడుతున్నారా? దాని ట్యూబ్ మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసాల్ లాంటి పేర్లు ఉంటే అది స్టెరాయిడ్. ఇలాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం గట్టిగానే చెప్పింది, అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. నెలల తరబడి రాస్తే ముఖం మొదట తెల్లగా మెరుస్తుంది, ఆ తర్వాత చర్మం పల్చబడి, ఎర్రగా రక్తనాళాలు తేలి, ఎండలోకి వెళ్తే మండుతుంది, మానేస్తే మంగు ఇంకా ముదురుగా వస్తుంది, అదే గడ్డం మీద వెంట్రుకలు కూడా పెంచుతుంది. అలాంటి పల్చబడ్డ చర్మం మీద ఏ మెషిన్ పెట్టినా, గువాషా రాయి పెట్టినా సరే, పాడవుతుంది. వాడుతూ ఉంటే ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మెల్లగా మాన్పిస్తారు.

ఎవరైనా వేరే కారణానికి అమెరికా నుంచి మెషిన్ తెప్పించుకుంటుంటే రెండు మూడు జాగ్రత్తలు. అక్కడి కరెంట్ 120 వోల్టులు, మనది 230. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే పర్వాలేదు, పిన్ను మార్చుకుంటే చాలు. ఒక్క 120 అని ఉంటే ప్లగ్‌లో పెట్టగానే కాలిపోతుంది. వారంటీ ఇక్కడ సాధారణంగా పనిచేయదు, పాడైతే ఆడపడుచు మళ్లీ వచ్చేదాకా ఆగాలి. డబ్బా మీద ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులు, వైద్య పరికరాలు చూసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్డ్ అని ఉంటే దానికి విలువ లేదు, అది కంపెనీ తన పేరు నమోదు చేయించుకున్నదానికి గుర్తు, అంతే. ఎఫ్‌డీఏ క్లియర్డ్ అంటే కొంచెం నయం, ఇప్పటికే మార్కెట్‌లో ఉన్న అలాంటి పరికరంతో పోల్చి చూసి అనుమతి ఇచ్చారని. దానికి కె అక్షరంతో మొదలై ఆరంకెలు ఉండే నంబరు ఉంటుంది, ఎఫ్‌డీఏ సైట్‌లో కొడితే ఆ మెషిన్ ఏ పనికి అనుమతి పొందిందో కనిపిస్తుంది. మొటిమలకి మాత్రమే క్లియర్ అయినదాన్ని మచ్చలకి, ముడతలకి, అన్నిటికీ అని అమ్ముతుంటే అక్కడే పట్టుకోవచ్చు.

మీ ఆడపడుచుని ఏదో ఒకటి తెమ్మని చెప్పాలనుకుంటే రంగు ఉన్న సన్‌స్క్రీన్ రెండు ట్యూబులు తెమ్మనండి, వెనక ఉన్న లిస్టులో ఐరన్ ఆక్సైడ్స్ అని ఉందో లేదో చూసి. మామూలు తెల్ల సన్‌స్క్రీన్ యూవీని ఆపుతుంది గానీ మంగుని రెచ్చగొట్టే కనిపించే వెలుగుని సరిగా ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ రంగు ఉన్నది దాన్ని కూడా కొంత ఆపుతుంది. ఇక్కడ కూడా దొరుకుతాయి, అక్కడ మన రంగుకి సరిపోయే షేడ్లు ఎక్కువ, ఆవిడ ముఖానికి కాకుండా మీ ఫోటో చూసి షేడ్ తీసుకోమనండి. ముఖానికి, మెడకి కలిపి రెండు వేళ్ల పొడుగునా పిండి రాయాలి, బయట ఉంటే రెండు మూడు గంటలకి మళ్లీ. వంటింట్లో ఉన్నా, కిటికీ పక్కన కూర్చుని ఆఫీసు పని చేసినా రాయాలి.

ఇంకా డబ్బు మిగిలితే మంగుకి స్కిన్ డాక్టర్ దగ్గర రెండు మూడు సార్లు కన్సల్టేషన్, వాళ్లు రాసే క్రీమ్, వీటికి ఉంచుకోండి. మా క్లినిక్‌కే రమ్మని చెప్పట్లేదు, మీ ఊళ్లో ఎండీ డెర్మటాలజీ లేదా డీవీడీ అనే చర్మ వ్యాధుల డిప్లొమా చదివినవాళ్లు ఉంటే చాలు. కాస్మెటాలజిస్ట్ అని మాత్రమే బోర్డు ఉంటే ఏం చదివారో అడగండి.

ఇక ఆ స్టీమర్. ముఖానికి పట్టకండి, చెప్పాను కదా, మంగుకి వేడి పనికిరాదు, వారానికోసారి పది నిమిషాలు ఆవిరి పట్టి మంగు ముదిరిందని వచ్చినవాళ్లని చూశాను. కొన్నందుకు బాధపడాల్సిన పని లేదు, జలుబు చేసినప్పుడు ముక్కుకి పట్టుకోవచ్చు. బోరు నీళ్లు మాత్రం పోయకండి, మన నీళ్లలో ఉప్పు ఎక్కువ కదా, లోపల తెల్లగా పేరుకుపోయి వేడి నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఆర్ఓ నీళ్లు పోసి, వాడాక తీసేసి ఆరబెట్టండి, చిన్నపిల్లలు ఉంటే వాళ్ల చేతికి అందనివ్వకండి.